విండోస్ ఫైర్‌వాల్: ఆట కోసం దాన్ని ఆపేయక్కర్లేదు

దసరా సెలవులకి మా అక్క పిల్లలిద్దరూ రాజమండ్రి వచ్చారు. ఆటోలోంచి బట్టల సంచుల కంటే ముందు ల్యాప్‌టాప్ బ్యాగులు దిగాయి. మా వాడు ఎనిమిదో తరగతి, అక్క కొడుకు తొమ్మిది, అక్క కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉంటుంది. ముగ్గురికీ మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ అనే కంప్యూటర్ ఆట ఉంది, ఎవరి అకౌంట్ వాళ్ళదే. ఏడాదిగా ఎవరి ఊళ్ళో వాళ్ళు ఒంటరిగా ఇళ్ళు కట్టుకుంటున్నారు, ఈసారి ఒకే గదిలో కూర్చుని ఒకే ప్రపంచంలో ఊరు కట్టాలని నెల ముందు నుంచే ఫోన్లలో ప్లాన్లు వేసుకున్నారు. ఊరికి చెరువు ఎక్కడ, గుడి ఎక్కడ అని కాగితం మీద గీసుకుని కూడా వచ్చారు.

వచ్చిన మొదటి రోజంతా ఆ ఊరు మొదలే కాలేదు. కారణం నా డెస్క్‌టాప్‌లో ఉన్న విండోస్ ఫైర్‌వాల్. నాలుగు రోజులు దానితోనే గడిపాను కాబట్టి ఈ రివ్యూ దాని మీదే రాస్తున్నాను. విండోస్‌తో పాటు ఉచితంగా వచ్చేదానికి రివ్యూ ఏంటి అనుకోవద్దు. మనలో చాలామంది ఇళ్ళల్లో ఉన్న కంప్యూటర్‌కి కాపలా అదే, దాని గురించి మనకి తెలిసింది మాత్రం "పని చేయకపోతే ఆఫ్ చెయ్యి" అన్న ఒక్క మాటే. నా వరకు ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ తగ్గిన ఒకటి ఎందుకు తగ్గిందో చెప్పడానికే ఇంత రాయాల్సి వస్తోంది.

ముందు జరిగింది చెప్తాను. మూడింట్లో నా డెస్క్‌టాప్‌కే ర్యామ్ ఎక్కువ, అందుకని ప్రపంచం దానిలో తెరవాలని పిల్లలే నిర్ణయించారు. మా వాడు ఆట మొదలుపెట్టి ఓపెన్ టు లాన్ (ఇంటి నెట్‌వర్క్‌లో మిగతావాళ్ళకి ఆట తెరిచే బటన్) నొక్కాడు, లోకల్ గేమ్ ఫలానా పోర్టులో, అంటే కంప్యూటర్‌లో ఆ ఆటకి ఇచ్చిన తలుపు నంబర్‌లో, నడుస్తోందని చాట్‌లో ఒక నంబర్ వచ్చింది. మిగతా ఇద్దరి స్క్రీన్ మీద మల్టీప్లేయర్ జాబితాలో వాడి ప్రపంచం పేరు కనిపించింది కూడా. ముగ్గురూ ఒక్కసారి అరిచారు. నొక్కితే మాత్రం "సర్వర్‌కి కనెక్ట్ అవుతోంది" అని అలాగే ఉండిపోయింది, చాలాసేపటికి కనెక్షన్ టైమ్డ్ అవుట్ అని వచ్చింది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ అదే. "పిన్నీ, పేరు కనబడుతోంది కానీ లోపలికి రానివ్వట్లేదు" అని అక్క కొడుకు వంటింట్లోకి వచ్చి చెప్పాడు. ఆ ఒక్క వాక్యంలోనే సగం జవాబు ఉందని నాకు అప్పుడు తెలియదు.

వైఫై ఆపి పెట్టాం, రౌటర్ ఆపి పెట్టాం, ఆట తీసేసి మళ్ళీ వేశాం. సాయంత్రానికి మా వాడి మొహం చూడలేక వీధి చివర కంప్యూటర్ షాపు అబ్బాయిని పిలిచాను. వచ్చాడు, ఫైర్‌వాల్ పేజీ తెరిచాడు, ప్రైవేట్ ఆఫ్, పబ్లిక్ ఆఫ్, అయిపోయింది మేడమ్ అన్నాడు. రెండు నిమిషాలు, 300 రూపాయలు. పిల్లలు కలిశారు, రాత్రి పదకొండు దాకా చెరువు తవ్వారు. నేనూ సంతోషంగానే పడుకున్నాను.

పొద్దున్నే పని కోసం సిస్టమ్ ముందు కూర్చుంటే కింద గడియారం పక్కన ఉండే డాలు బొమ్మ మీద ఎర్ర ఇంటూ గుర్తు ఉంది. నేను ఇంటి దగ్గరే చిన్న షాపుల లెక్కలు చూస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. ఆ డెస్క్‌టాప్‌లో ఇరవై మందికి పైగా వ్యాపారస్తుల పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కొనుగోలు బిల్లుల స్కాన్‌లు ఉన్నాయి. వాళ్ళు నన్ను నమ్మి ఇచ్చినవి అవి. ఆ ఎర్ర గుర్తు చూడగానే నాకు నిజంగా భయం వేసింది. వెంటనే రెండూ ఆన్ చేశాను. పిల్లలు లేచి పళ్ళు తోముకోకుండానే ఆట తెరిచారు, "పిన్నీ, మళ్ళీ పోయింది!"

ఇంక ఆ రోజు పని పక్కన పెట్టి దీని సంగతి తేల్చాలని కూర్చున్నాను.

అసలు ఇది ఎలా పని చేస్తుందో మామూలు మాటల్లో చెప్తాను. మన కంప్యూటర్ నుంచి బయటికి వెళ్ళేవాటిని విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా ఆపదు, బ్రౌజర్ వెబ్‌సైట్ తెరవడం, ఆట కంపెనీ సర్వర్‌కి కలవడం, అన్నీ పోతాయి, వాటికి వచ్చే జవాబులు కూడా లోపలికి వస్తాయి. మనం పిలవకుండా బయట నుంచి తలుపు తట్టేవాటిని మాత్రం, ఫలానా వాళ్ళని రానివ్వు అని రూల్ ఉంటే తప్ప రానివ్వదు. రానివ్వనప్పుడు "వద్దు" అని కూడా చెప్పదు, ఇంట్లో ఎవరూ లేనట్టు ఊరుకుంటుంది. అందుకే పిల్లల స్క్రీన్ మీద వెంటనే తప్పు అని రాకుండా అంతసేపు తిరిగి తిరిగి టైమ్డ్ అవుట్ అయింది.

దీనివల్ల ఒక సంగతి తేలిపోతుంది, ఇది చాలామంది పిల్లలకి చెప్పాలి. బయట సర్వర్లలో ఆడే ఆటలకి, అంటే మనం వెళ్ళి కలిసే వాటికి, సాధారణంగా ఫైర్‌వాల్‌లో ఏమీ చేయక్కర్లేదు. ల్యాగ్, అంటే ఆట ఆలస్యంగా కదలడం, తగ్గుతుందని ఎవరో చెప్పారని కనబడిన ప్రతి దానికీ టిక్కులు పెట్టేస్తుంటారు, ల్యాగ్‌కీ దీనికీ సంబంధం లేదు. మన కంప్యూటరే ఆటకి ఇల్లయి, మిగతావాళ్ళు మన దగ్గరికి రావాల్సినప్పుడే లోపలికి అనుమతి కావాలి. మా ఇంట్లో ఆ ఇల్లు నా డెస్క్‌టాప్. పేరు కనబడి లోపలికి రాకపోవడానికి కారణం కూడా ఇదే: ప్రపంచం పేరుని నా డెస్క్‌టాప్ తనంతట తాను ఇంటి నెట్‌వర్క్‌లో చాటింపు వేస్తుంది, 224.0.2.60 అనే చిరునామాకి 4445 పోర్టులో చిన్న చిన్న యూడీపీ (జవాబు కోసం చూడకుండా పంపేసే పద్ధతి) సందేశాలు పంపుతూ ఉంటుంది. అది బయటికి వెళ్ళేదే కాబట్టి ఆగలేదు. పిల్లలు దాన్ని చూసి లోపలికి రాబోతే, అది టీసీపీ (రెండు వైపులా ముందు కలిసి మాట్లాడుకునే పద్ధతి), అక్కడ తలుపు మూసి ఉంది. కాబట్టి తప్పు వాళ్ళ ల్యాప్‌టాప్‌లలో లేదు, ఆట పెట్టిన మెషీన్‌లోనే ఉంది. మీ ఇంట్లో దీనికి తిరగేసి, పేరే కనబడకపోతే ముందు చూడాల్సింది కలవబోయేవాళ్ళ ల్యాప్‌టాప్‌లో ఫైర్‌వాల్, లేదా వాళ్ళు రౌటర్‌లోని గెస్ట్ వైఫైలో ఉన్నారేమో. గెస్ట్ వైఫైలో ఉన్నవాళ్ళని రౌటర్ మామూలుగా మిగతా మెషీన్లతో కలవనివ్వదు.

మొదట నేను చేసింది అందరూ చేసేదే. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పోర్టు 25565 అని మా వాడికి తెలుసు, ఆ నంబర్‌తో టీసీపీ లోపలికి రానివ్వమని ఒక రూల్ రాశాను. పని చేయలేదు. ఎందుకంటే ఓపెన్ టు లాన్ నొక్కినప్పుడు ఆట తనకి తోచిన పోర్టు తీసుకుంటుంది, 25565 అనేది విడిగా సర్వర్ నడిపేవాళ్ళకి ఉండే నంబర్. కొత్త వెర్షన్లలో ఆ పేజీలోనే పోర్టు నంబర్ రాసుకునే గడి ఇచ్చారు, అందులో 25565 అని కొట్టి మళ్ళీ తెరిచాం. అయినా రాలేదు. అప్పుడు నెట్‌వర్క్ ఏ రకంలో ఉందో చూశాను, కేబుల్ కనెక్షన్ పబ్లిక్ అని ఉంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్ళి ఈథర్‌నెట్ నొక్కితే అక్కడే పబ్లిక్, ప్రైవేట్ అని రెండు ఉంటాయి, పబ్లిక్ అంటే తెలియనివాళ్ళూ ఉండే నెట్‌వర్క్, ప్రైవేట్ అంటే మనం నమ్మే నెట్‌వర్క్, ఇల్లు కాబట్టి ప్రైవేట్ చేశాను. అప్పటికీ రాలేదు. ఇక్కడ నాకు ఓపిక పోయింది, అన్నీ సరిగ్గా ఉన్నాయి, రూల్ ఉంది, ఆకుపచ్చ టిక్ ఉంది, మరి ఎందుకు ఆపుతోంది?

రన్ బాక్స్‌లో (విండోస్, ఆర్ కీలు కలిపి నొక్కితే వచ్చేది) డబ్ల్యూఎఫ్ డాట్ ఎంఎస్‌సీ (wf.msc) అని కొడితే ఫైర్‌వాల్ అసలు పేజీ తెరుచుకుంటుంది, మామూలు సెట్టింగ్స్‌లో కనబడే ఆన్, ఆఫ్ పేజీ కంటే లోతుగా ఉంటుంది. ఎడమ పక్క ఇన్‌బౌండ్ రూల్స్, అంటే లోపలికి వచ్చేవాటి రూల్స్, నొక్కితే వందల వరసలు. నేను రాసింది పైనే ఉంది. ఊరికే కిందికి దింపుతూ వెళ్తుంటే, ఓ అన్న అక్షరం దగ్గర ఓపెన్ జేడీకే ప్లాట్‌ఫామ్ బైనరీ అని రెండు వరసలు, రెండింటి పక్కనా ఎర్ర అడ్డగీత గుర్తు. ఒకటి టీసీపీ, ఒకటి యూడీపీ. చర్య అన్న గడిలో బ్లాక్ అని ఉంది. రెండుసార్లు నొక్కి ప్రోగ్రామ్ దారి చూస్తే మైన్‌క్రాఫ్ట్ లాంచర్ లోపలి రన్‌టైమ్ ఫోల్డర్, చివర జావాడబ్ల్యూ, జావాలో రాసిన ప్రోగ్రామ్‌లని నడిపే ఫైల్. అంటే ఇదే ఆట!

నా వెనక నిలబడి చూస్తున్న మా వాడు నెమ్మదిగా అన్నాడు. "అమ్మా, ఇదే పేరుతో ఎండాకాలంలో ఒకటి వచ్చింది. మల్టీప్లేయర్ నొక్కితే వచ్చింది. తెలియనిది వస్తే క్యాన్సిల్ కొట్టమన్నావుగా, కొట్టేశాను."

వాడు చేసింది నూటికి నూరుపాళ్ళు నేను చెప్పిన పనే. ఈ ప్రోగ్రామ్‌ని రానివ్వాలా అని ఫైర్‌వాల్ అడిగే ఆ చిన్న కిటికీలో మైన్‌క్రాఫ్ట్ అన్న మాటే ఉండదు, ఆట జావాలో రాసింది కాబట్టి ఓపెన్ జేడీకే ప్లాట్‌ఫామ్ బైనరీ అని వస్తుంది. పదమూడేళ్ళ పిల్లాడికి ఆ పేరు ఏం తెలుస్తుంది, లెక్కలు చూసే నాకే తెలియలేదు. పైగా ఆట స్క్రీన్ నిండా ఉంటే ఆ కిటికీ వెనకాల ఉండిపోవడం, పిల్లలు చూడకుండా ఎస్కేప్ కొట్టేయడం కూడా జరుగుతుంది.

నేను ఒక్క పాయింట్ తగ్గించింది ఇక్కడే. క్యాన్సిల్ అంటే మన భాషలో, ఎవరి భాషలోనైనా, "ఇప్పుడు వద్దు" అని అర్థం. విండోస్ ఫైర్‌వాల్ దగ్గర దాని అర్థం "ఎప్పటికీ వద్దు". క్యాన్సిల్ నొక్కగానే ఆ ప్రోగ్రామ్ పేరు మీద రెండు బ్లాక్ రూల్స్ రాసేస్తుంది, రాశానని చెప్పదు, ఆ ప్రోగ్రామ్ గురించి మళ్ళీ అడగదు. ఇంకో సంగతి, ఒకే దానికి రానివ్వు అని ఒక రూల్, వద్దు అని ఒక రూల్ ఉంటే, వద్దు అన్నదే గెలుస్తుంది. కాపలా విషయంలో ఆ పద్ధతి సరైనదే, దాన్ని తప్పు పట్టను. కానీ ఈ రెండూ కలిస్తే మా ఇంట్లో జరిగిందే జరుగుతుంది: ఎండాకాలంలో నొక్కిన ఒక క్యాన్సిల్ దసరాలో నేను రాసిన రూల్ మొత్తాన్ని కొట్టేసింది. పోర్టు తెరవండి అని చెప్పే సలహాలు వందసార్లు పాటించినా ఆ ఎర్ర గుర్తులు తీయకుండా ఫలితం ఉండదు. అక్కడ "ఇప్పటికి వద్దు" అని ఇంకో బటన్ పెట్టి, అసలు ఏ ఆట అడుగుతోందో రెండు ముక్కల్లో రాస్తే ఎంతమంది ఫైర్‌వాల్ ఆపేయకుండా ఉంటారో కదా అనిపించింది.

సరిచేయడం ఎలాగంటే, ఇది నేను చేసిన వరసలోనే చెప్తాను. ఆ రెండు ఎర్ర వరసల్నీ రైట్ క్లిక్ చేసి డిలీట్ చేశాను. నేను రాసిన 25565 రూల్ కూడా తీసేశాను, ఎందుకో చెప్తాను. ఆట మూసి మళ్ళీ తెరిచి మల్టీప్లేయర్ నొక్కమన్నాను. ఎండాకాలం తర్వాత మొదటిసారి ఆ కిటికీ మళ్ళీ వచ్చింది! ఈసారి ముగ్గురం కలిసి చదివాం, అలౌ నొక్కాడు. ఇన్‌బౌండ్ రూల్స్ పేజీని ఎఫ్5తో తాజా చేస్తే అదే పేరుతో రెండు వరసలు, ఈసారి ఆకుపచ్చవి. ఇది ప్రోగ్రామ్ పేరు మీద ఉండే అనుమతి కాబట్టి ఆట ఏ పోర్టు తీసుకున్నా సరిపోతుంది, పోర్టు రూల్ విడిగా అక్కర్లేదు. పైగా పోర్టు రూల్ అయితే ఆ నంబర్‌లో ఏ ప్రోగ్రామ్ కూర్చున్నా రానిస్తుంది, ఇది ఈ ఒక్క ఫైల్‌కే.

అంతటితో ఆపొద్దు. ఆ ఆకుపచ్చ వరస మీద రెండుసార్లు నొక్కండి. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అని మూడు గడులు ఉంటాయి, అందులో ప్రైవేట్‌కి మాత్రమే టిక్ ఉంచండి. స్కోప్ ట్యాబ్‌లో రిమోట్ ఐపీ అడ్రస్ దగ్గర ఏదైనా అని ఉంటుంది, దాన్ని మార్చి, యాడ్ నొక్కి, ముందే రాసి ఉన్న వాటిలోంచి లోకల్ సబ్‌నెట్ అన్నది ఎంచుకోండి. దీని అర్థం, ఈ ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్న మెషీన్లు తప్ప ఇంకెవరు తట్టినా ఈ ఆట తలుపు తెరుచుకోదు. ఇదే నాకు ఈ ఫైర్‌వాల్‌లో బాగా నచ్చిన భాగం. ఉచితంగా వచ్చే దానిలో ఇంత సన్నగా కోసి చెప్పే వీలుంటుందని నేను అనుకోలేదు. టీసీపీ, యూడీపీ రెండు వరసలకీ ఇలాగే చేశాను. జనరల్ ట్యాబ్‌లో పేరు మార్చుకునే వీలుంది, మా వాడు ఆ అర్థం కాని పేరు తీసేసి తెలుగులో "పిల్లల ఆట" అని కొట్టాడు, తీసుకుంది. ఇప్పుడు ఆ వందల ఇంగ్లీషు వరసల మధ్య ఆ రెండే తెలుగు వరసలు, వెతకక్కర్లేకుండా కనబడతాయి.

కలవబోయేవాళ్ళ ల్యాప్‌టాప్‌లో ఆట తెరవకుండానే తలుపు తెరుచుకుందో లేదో చూసుకోవచ్చు. అక్క కూతురు తన ల్యాప్‌టాప్‌లో పవర్‌షెల్ (విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి టెస్ట్-నెట్‌కనెక్షన్ (Test-NetConnection) అని కొట్టి, నా డెస్క్‌టాప్ ఐపీ అడ్రస్, మా వాడి చాట్‌లో వచ్చిన పోర్టు నంబర్ ఇచ్చింది. ఎర్ర గుర్తులు తీయక ముందు చివరి వరసలో ఫాల్స్ అని వచ్చింది, తీసి అలౌ నొక్కాక ట్రూ అని వచ్చింది. అక్కడే కుర్చీలోంచి లేచి ఎగిరింది. పింగ్ (అవతలి మెషీన్ పలుకుతుందో లేదో చూసే ఆదేశం) చూసి మాత్రం నిర్ణయానికి రావద్దు, ఆట పోర్టు తెరిచి ఉన్నా విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌కి జవాబివ్వకపోవడం మామూలే, దాన్ని చూసి నేను అరగంట పోగొట్టుకున్నాను.

మధ్యాహ్నం భోజనాల లోపు ముగ్గురూ ఒకే ఊళ్ళో ఉన్నారు. ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉంది.

ఆపేస్తే ఏమవుతుంది, ఇంట్లో రౌటర్ ఉంది కదా, అని మా బావగారు ఫోన్లో అడిగారు. నిజమే, బయట నుంచి నేరుగా వచ్చేవాటిని రౌటర్ చాలావరకు ఆపుతుంది. కానీ ఇంట్లోకి వచ్చి అదే వైఫైలో కలిసిన ఇంకో ల్యాప్‌టాప్‌కి ఏదైనా పట్టుకుని ఉంటే? అది రౌటర్ దాటి రావక్కర్లేదు, లోపలే ఉంటుంది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వైరస్ విండోస్ ఎక్స్‌పీ, 2000 మెషీన్లని ఇలాగే, ఎవరూ ఏమీ నొక్కకుండానే, నెట్‌వర్క్ మీద నుంచి పట్టుకుంది. ఒక నిమిషంలో సిస్టమ్ ఆగిపోతోందని లెక్కపెట్టే కిటికీ అప్పట్లో నెట్ సెంటర్లకి వెళ్ళినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఎక్స్‌పీలో అప్పటికే ఫైర్‌వాల్ ఉంది, కానీ మనం వెళ్ళి ఆన్ చేస్తే తప్ప ఆఫ్‌లోనే ఉండేది. మరుసటి ఏడాది 2004లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో దాన్ని మొదటి నుంచే ఆన్‌లో ఉండేలా చేశారు. 2017 మేలో వానాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు అది 445 పోర్టు మీదుగా ఒక మెషీన్ నుంచి పక్క మెషీన్‌కి పాకింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. నా సిస్టమ్‌లో ఉన్నవి ఇరవై కుటుంబాల లెక్కలు. ఒక ఆట కోసం ఆ తలుపులన్నీ బార్లా తెరిచి రాత్రంతా వదిలేయడం నాకు ఇప్పటికీ మనసొప్పని సంగతి.

షాపు అబ్బాయి దగ్గరికి వెళ్ళి ఇదంతా చెప్పాను. గొడవ పెట్టుకోవడానికి వెళ్ళలేదు, వాడు మంచివాడు. "మేడమ్, కస్టమర్లు రెండు నిమిషాల్లో అయిపోవాలంటారు, అందుకే అందరికీ ఆఫ్ చేసేస్తాను" అన్నాడు. అందరికీ అన్న మాట విని నాకు కాళ్ళు ఆడలేదు. ఆ ఎర్ర గుర్తుల సంగతి చూపిస్తే ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. మీరు ఎవరినైనా పిలిచి ఇలాంటి పని చేయించుకుంటే, వాళ్ళు వెళ్ళే ముందు ఫైర్‌వాల్ పేజీ తెరిపించి డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ మూడూ ఆన్‌లో ఉన్నాయో లేదో మీ కళ్ళతో చూసుకోండి. డబ్బులు ఆ తర్వాతే ఇవ్వండి.

ఇంకా రెండు మూడు చిక్కులు మాకు ఎదురయ్యాయి, త్వరగా చెప్పేస్తాను. అక్క కూతురి ల్యాప్‌టాప్ కొన్నప్పుడే ఏదో యాంటీవైరస్ ట్రయల్ వేసి ఇచ్చారు, అది తన సొంత ఫైర్‌వాల్ నడుపుతోంది, అలాంటప్పుడు విండోస్ పేజీలో ఎన్ని మార్చినా ప్రయోజనం ఉండదు, అనుమతి ఆ యాంటీవైరస్‌లోనే ఇవ్వాలి. గడువు అయిపోయిన ట్రయల్ అది, తీసేశాం, విండోస్‌దే మళ్ళీ పని మొదలుపెట్టింది. ఇంకోటి, ఈ అనుమతి ఫైల్ ఉన్న దారికి ఇచ్చేది. మైన్‌క్రాఫ్ట్ కొత్త వెర్షన్‌కి కొత్త జావా కావాల్సి వచ్చినప్పుడు, 1.17కి జావా 16 వచ్చినట్టు, 1.20.5కి జావా 21 వచ్చినట్టు, లాంచర్ వేరే ఫోల్డర్‌లోంచి వేరే జావాడబ్ల్యూని నడుపుతుంది, అప్పుడు ఫైర్‌వాల్‌కి అది కొత్త మనిషే, మళ్ళీ అడుగుతుంది. నిన్నటిదాకా ఆడిన ఆట అప్‌డేట్ తర్వాత ఆగిపోతే ముందు ఇది చూడండి. పాత వెర్షన్ కూడా ఆడుతుంటే దానికో వరస, దీనికో వరస ఉంటాయి, కంగారు పడొద్దు.

సెలవులయ్యాక ఎవరి ఊరి నుంచి వాళ్ళు ఇదే ప్రపంచంలోకి రావచ్చా అని పిల్లలు అడిగారు. దానికి ఫైర్‌వాల్ ఒక్కటే సరిపోదు, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయట నుంచి వచ్చేవాళ్ళని నా డెస్క్‌టాప్‌కి పంపే ఏర్పాటు) పెట్టాలి, ఫైర్‌వాల్‌లో లోకల్ సబ్‌నెట్ హద్దు తీసేయాలి, అదీ మన ఇంటికి సొంత పబ్లిక్ ఐపీ ఉంటేనే. మా రౌటర్ పేజీలో వ్యాన్ అడ్రస్, అంటే నెట్ కంపెనీ మా రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్, 100.70తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్నవి నెట్ కంపెనీ చాలా ఇళ్ళకి కలిపి వాడే అడ్రసులు, బయటి వాళ్ళు ఆ అడ్రస్ పట్టుకుని మన ఇంటికి రాలేరు. కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను, మూడుసార్లూ రౌటర్ ఆపి పెట్టమన్నారు. అదీకాక నా లెక్కల మెషీన్‌ని ప్రపంచానికంతా తెరిచి పెట్టే ఉద్దేశం నాకు ఎలాగూ లేదు. ఆటవాళ్ళే నడిపే రెల్మ్స్ అని నెలకి డబ్బులు కట్టేది ఉంది, ఇల్లు వాళ్ళ దగ్గర ఉంటుంది, మనం వెళ్ళి కలవడమే కాబట్టి ఫైర్‌వాల్‌లో ఏమీ మార్చక్కర్లేదు. అక్కా నేనూ చెరి సగం వేసుకుని ఆ దారి చూద్దామనుకుంటున్నాం.

ఫైర్‌వాల్‌లో లాగ్ రాసుకునే సదుపాయం కూడా ఉంది, ఏది ఆపిందో వరసగా రాస్తుంది, కానీ మొదట ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసినా అది చదవడం మనలాంటివాళ్ళకి కష్టం. తెలిసినవాళ్ళకి పనికొస్తుంది.

పిల్లలు వెళ్ళే ముందు రోజు అక్క కూతురుని కూర్చోబెట్టి తన ల్యాప్‌టాప్‌లో ఇన్‌బౌండ్ రూల్స్ తెరిపించాను. ఎర్ర గుర్తులు ఏడు ఉన్నాయి, అందులో రెండు తనకి ఎప్పుడు వచ్చాయో గుర్తే లేదు. ఒక్కొక్కటీ తనే చదివి, ప్రోగ్రామ్ దారి చూసి, ఏది ఉంచాలో ఏది తీయాలో తనే నిర్ణయించుకుంది, నేను పక్కన కూర్చున్నానంతే. హాస్టల్లో రెండు వందల మంది ఒకే వైఫైలో ఉంటారు, అది ప్రైవేట్ అని పెట్టి ఉందేమో, వెళ్ళగానే చూడమని చెప్పాను. మర్నాడు రాత్రి తొమ్మిదింటికి మెసేజ్ వచ్చింది: "పిన్నీ, చేరాను. ప్రైవేట్‌లోనే ఉంది, పబ్లిక్ చేశాను. మా రూమ్‌లో ఇంకో ముగ్గురివి కూడా మార్చాను."